దేశభక్త కొండ వెంకటప్పయ్య పంతులుగారు

కృష్ణవేణి రెండు పాయలై సముద్రమును చేరు నీ సీమలోని విద్యార్థులు గుంటూరును ఏటి కావలి యొడ్డున నున్న వేఱొక జిల్లాగా నెఱుగుదురు. 1904వ సంవత్సరమువఱకు నట్లు కాదు. గుంటూరు, బాపట్ల, రేపల్లె, నరసరావుపేట, పలనాడు మొదలగు తాలూకాలు బందరు, గుడివాడలతో కూడి యొకటే కృష్ణాజిల్లాగా నుండెను. జిల్లాకు ముఖ్యపట్టణము బందరు. 1864వ సంవత్సరపు టుప్పెనలో వేలకొలది ప్రాణములను గోల్పోయి, రేవు వర్తకము నానాటికి సన్నగిల్లిన ఈ పట్టణమునకు నాడు మిగిలిన పెద్దఱికము పాఠశాలలవలనను న్యాయస్థానములవలనను గలిగినదే. పొలము గట్టు తగవైనను, దాయాదుల పంపకమైనను, అప్పు పత్రమైనను మునసబు కోర్టులో తేలనిచో ఆవలి యొడ్డు రైతు కృష్ణను పడవలో దాటి యిచ్చటికి రావలసినదే. బెజవాడనుండి గుడివాడమీదుగా బందరునకు రైలు 1908వ సంవత్సరమునగాని రాలేదు.

అట్లు ఏఱు దాటి వచ్చినవారిలో వ్యాజ్యెగాండ్రే కాక, న్యాయవాదవృత్తి నారంభింపవచ్చిన గుంటూరు యువకు లొకరుండిరి. వారే తరువాత ఆంధ్రులచేత దేశభక్తులని పిలువబడిన కొండ వెంకటప్పయ్య పంతులుగారు. తమ జీవితమున వారు పెక్కు వ్యాజ్యెములు వాదించిరి. వానిలో నెల్ల కష్టమైనది, కక్షిదారుడు లేక, ఫీజు లేక, కోర్టు గడప తొక్కక, ముదుసలితనమున తమ సొంత పక్షమువారిమీదనే వాదించినది. వారి చరిత్రములో మనము ముఖ్యముగా తెలిసికొనదగినది యదియే. కాని యచ్చటికి చేరుటకు ముందు మొదటినుండి చెప్పవలసియున్నది.

వెంకటప్పయ్యగారు 1866వ సంవత్సరము ఫిబ్రవరి 22వ తేదీన పాత గుంటూరులో జన్మించిరి. తండ్రి కోటయ్యగారు, తల్లి బుచ్చమ్మగారు. అమెరికా దేశపు లూథరను మిషనువారు 1842వ సంవత్సరమునుండి గుంటూరున విద్యాదానము చేయుచుండిరి. బాల్యమున వెంకటప్పయ్యగారు గుంటూరు మిషను పాఠశాలలో చదివిరి. పిమ్మట చెన్నపురి కేగి క్రైస్తవ కళాశాలలో చదివి, న్యాయశాస్త్ర పరీక్షయందు నుత్తీర్ణులైరి. ఆ కాలమున బి.ఎల్. పట్టము పొందిన యువకునకు రెండు దారులుండెను. ఒకటి సర్కారు ఉద్యోగము. రెండవది వకీలు వృత్తి. మొదటిది నిలుకడ గల జీతము నిచ్చును. రెండవది స్వాతంత్ర్యము నిచ్చును. వెంకటప్పయ్యగారు రెండవదానిని గైకొని బందరునకు వచ్చిరి.

న్యాయవాది పని యేమో బాలురు తెలిసికొనవలెను. వాడు నోటి చాతుర్యముచేత మాత్రమే బ్రదుకువాడు కాడు. మొదట కక్షిదారుడు చెప్పినదంతయు వినవలెను. పత్రములు చూడవలెను. సాక్షుల నడుగవలెను. ఎదుటి పక్షమువా డేమనునో ముందుగా నూహింపవలెను. ఎదుటివాని మాటలోని బలమును గుర్తింపలేని వకీలు తన మాటలోని బలహీనతను కూడ గుర్తింపలేడు. తుదకు తీర్పు తనకు వ్యతిరేకముగా వచ్చినను దానికి తల యొగ్గవలెను. ఈ యలవాటులు కొందఱికి కోర్టు వాకిటితోనే ముగియును. వెంకటప్పయ్యగారికి మాత్రము ప్రజాకార్యములందును వెంటనంటి వచ్చెను.

ఈ దేశమున ప్రజల కష్టములను దొరతనమువారికి విన్నవించుటకు ఆ కాలమున రెండే సాధనములు: సభలు, పత్రికలు. జిల్లా మహాసభలు 1892వ సంవత్సరమునుండి మన కృష్ణాజిల్లాలో జరుగుచుండెను. కాని సభ మూడు దినములలో ముగియును. పత్రిక యేడాది పొడుగునను మాటాడును. అందుచేత 1902వ సంవత్సరమున వెంకటప్పయ్యగారును, దాసు నారాయణరావుగారును కలిసి బందరులో కృష్ణాపత్రికను స్థాపించిరి. జిల్లా పేరే పత్రిక పేరయ్యెను. మొదట పక్షపత్రికగా వెలువడి, తరువాత వారపత్రికయై, అది తెలుగునాట పేరెన్నికగన్న పత్రికలలో నొకటిగా వెలసెను.

1904వ సంవత్సరమున గుంటూరు ప్రత్యేక జిల్లాగా నేర్పడెను. పిమ్మట గుంటూరున జిల్లా న్యాయస్థానము వెలయగా వెంకటప్పయ్యగారు తమ వృత్తిని స్వస్థలమునకు మార్చుకొనిరి. పత్రికను మాత్రము వెంట గొనిపోలేదు. బందరులో పుట్టినది బందరులోనే పెరుగనిచ్చి, దానిని దివితాలూకా ముట్నూరు గ్రామమునకు చెందిన ముట్నూరి కృష్ణారావుగారి చేతులలో నుంచిరి. కృష్ణారావుగారు 1907వ సంవత్సరమున సంపాదకులై, 1945వ సంవత్సరమున మరణించువఱకు దానిని నడపిరి. నేడు కృష్ణాపత్రిక యనగానే జనులకు కృష్ణారావుగారి పేరే మొదట తోచును. నాటిన చేయి వేఱు, పెంచిన చేయి వేఱు. నాటినవారు తమ పేరు నిలువలేదని యెన్నడును చింతింపలేదు.

అప్పు డాంధ్రులు మదరాసు రాజధానిలో తమిళులతోడను, కన్నడిగులతోడను, మలయాళులతోడను కలిసియుండిరి. విశ్వవిద్యాలయము, ఉన్నత న్యాయస్థానము, పెద్ద కార్యాలయములు చెన్నపురిలో నుండెను. తెలుగు జిల్లాల బాలుడు పై చదువునకును, తెలుగు జిల్లాల రైతు తుది తీర్పునకును దూర ప్రయాణము చేయవలసివచ్చెను. తెలుగు మాటాడు జిల్లాలన్నియు ఒక రాష్ట్రముగా నేర్పడవలెనను భావము గుంటూరు యువకులలో అంకురించెను. 1912వ సంవత్సరమున నిడదవోలులో జరిగిన జిల్లాల మహాసభలో నీ విషయము చర్చకు వచ్చెను. మఱుసటి సంవత్సరము, అనగా 1913వ సంవత్సరమున, బాపట్లలో ప్రథమాంధ్ర మహాసభ జరిగెను.

ఈ భావమునకు ప్రతిపక్షులు తెలుగువారిలోనే యుండిరి. వేఱు రాష్ట్రమైనచో సముద్రతీరపు జిల్లాలవారు, ముందు చదువుకొన్నవారు గనుక, పదవులన్నియు తామే గైకొందురని రాయలసీమవారును ఉత్తర జిల్లాలవారును శంకించిరి. వెంకటప్పయ్యగారు ఆ శంకను కొట్టివేయలేదు. మిత్రులతో కూడి ఆయా జిల్లాలకు స్వయముగా నేగి, వారి మాట విని, తమ మాట చెప్పిరి. 1917వ సంవత్సరమున నెల్లూరులో జరిగిన ప్రత్యేకాంధ్ర మహాసభకు వారే యధ్యక్షులైరి. 1918వ సంవత్సరమున కాంగ్రెసులో ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రీయ సంఘ మేర్పడినప్పుడు న్యాపతి సుబ్బారావు పంతులుగారు అధ్యక్షులును, వెంకటప్పయ్యగారు కార్యదర్శియు నైరి. సర్కారు లెక్కలలో ఆంధ్రరాష్ట్రము కలుగుటకు ముప్పదియైదు సంవత్సరములు ముందుగనే కాంగ్రెసు లెక్కలలో నది కలిగెను.

గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమము బయలుదేరినప్పుడు, న్యాయవాదులు కోర్టులను విడువవలెనని కాంగ్రెసు కోరెను. వెంకటప్పయ్యగారి కప్పటికి యేబదియైదేండ్లు సమీపించుచుండెను. ఆ వయస్సున నెల్లవారును సంపాదించినదానిని కూడబెట్టుకొని విశ్రాంతిని కోరుదురు. వారు వృత్తిని విడిచి ఖద్దరు ధరించి పల్లెల వెంట తిరుగ నారంభించిరి. 1921వ సంవత్సరము మార్చి నెల తుదిని అఖిలభారత కాంగ్రెసు సంఘము బెజవాడలో సమావేశమయ్యెను. భట్లపెనుమఱ్ఱుకు చెందిన పింగళి వెంకయ్యగారు జాతీయపతాకపు నమూనాను గాంధీగారికి సమర్పించినది యప్పుడే. కృష్ణాతీరమంతయు నొక్క పెట్టున మేల్కొన్న దినము లవి.

ఆ మేల్కొలుపులో వెంకటప్పయ్యగారికి పెద్ద పరీక్ష పెదనందిపాడున వచ్చెను. బాపట్ల తాలూకాలోని యా ఫిర్కా రైతులు, 1922వ సంవత్సరారంభమున, పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున, భూమి శిస్తు చెల్లింపక నిలిచిరి. గ్రామోద్యోగులు పెక్కురు తమ యుద్యోగములను వదలుకొనిరి. దొరతనమువారు ఆస్తులను జప్తు చేసిరి. సాయుధ బలమును దింపిరి. రైతులు చేయెత్తలేదు. శాంతిసేన యను పేర సేవకులు ఊరూర తిరిగి శాంతిని కాపాడిరి. శిస్తు వసూలు దాదాపు స్తంభించెను.

అప్పుడు రాష్ట్ర కాంగ్రెసు నాయకత్వము వెంకటప్పయ్యగారిపై నుండెను. శాసనోల్లంఘనమునకు ముందు కొన్ని నియమములు నెఱవేఱవలెనని కాంగ్రెసు 1921వ సంవత్సరము నవంబరులో ఢిల్లీలో నిర్ణయించియుండెను: అహింస, ఖద్దరు, మతసామరస్యము, అస్పృశ్యతా నివారణము. ఈ నియమములు నిజముగా నెఱవేఱనిచో పన్ను చెల్లించుటయే మేలని గాంధీగారు వెంకటప్పయ్యగారికి లేఖ వ్రాసిరి. ఒక ప్రక్క తన కన్నులయెదుట పొలమును పశువులను పోగొట్టుకొనుచు నిలిచిన రైతులు. వేఱొక ప్రక్క తాను నమ్మిన నాయకుని హెచ్చరిక. రైతుల ధైర్యము నిజము. నాలుగు నియమములలో కొన్నింటికి లోపముండవచ్చునన్నదియు నిజము. రాష్ట్ర సంఘమువారు విచారణ జరిపిరి. ఉద్యమము మఱి కొన్ని వారములు సాగెను. ఇంతలో ఫిబ్రవరి మొదటి వారమున ఉత్తరదేశమందలి చౌరీచౌరాలో పోలీసులు దహింపబడుటయు, గాంధీగారు దేశమంతట ఉద్యమమును నిలుపుటయు జరిగెను. పెదనందిపాడు రైతులకు శిస్తు చెల్లింపుడని చెప్పవలసిన భారము నాయకులపై బడెను.

గెలుచుచున్నామని తలచినవారిని వెనుకకు రమ్మనుట మిక్కిలి బాధాకరము. ఆ నిర్ణయము సరియైనదా కాదా యని చరిత్రకారులు నేటికిని తర్కింతురు. మనకు గ్రాహ్యమైన సంగతి వేఱొకటి. నియమమును తనకు అనుకూలమైనప్పుడు చూపి, ప్రతికూలమైనప్పుడు దాచువాడు నాయకుడు కాజాలడు. కోర్టులో తీర్పునకు తల యొగ్గుట నేర్చిన వకీలు ఇచ్చటను తల యొగ్గెను.

1923వ సంవత్సరము డిసెంబరులో కాకినాడయందు మౌలానా మహమ్మదాలీగారి యధ్యక్షతను కాంగ్రెసు మహాసభ జరిగినప్పుడు, ఆహ్వానసంఘాధ్యక్షులుగా దేశపు నలుమూలలనుండి వచ్చినవారిని వెంకటప్పయ్యగారు స్వాగతించిరి. ఆ సంవత్సరమే కొంతకాలము అఖిలభారత కాంగ్రెసునకు తాత్కాలికాధ్యక్షులుగ నుండిరి. 1929వ సంవత్సరమున గాంధీగారు ఖద్దరునిధికై ఆంధ్రదేశమున పర్యటించినప్పుడు వెంట నడచిరి. 1930వ సంవత్సరపు ఉప్పు సత్యాగ్రహమున చెఱకేగిరి. తరువాతను చెఱసాల చూచిరి. వారికి వ్రాత యందును అభిరుచి గలదు. ప్రపంచమందలి పరిపాలన విధానములను తెలుగువారికి తెలుపుటకై ఆధునిక రాజ్యాంగ సంస్థలు అను గ్రంథమును రచించిరి. తమ స్వీయచరిత్రమును గూడ వ్రాసిరి.

1937వ సంవత్సరమున వెంకటప్పయ్యగారు మదరాసు శాసనసభకు సభ్యులైరి. ఆంధ్రరాష్ట్ర విషయము మరల లేచెను. రాయలసీమవారి పూర్వపు శంక యింకను తీరలేదు. ఆ సంవత్సరము నవంబరు 16వ తేదీన, గుడివాడ ప్రాంతమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చెన్నపురి గృహమైన శ్రీబాగులో, ఇరుపక్షముల పెద్దలు కూర్చుండి యొడంబడిక చేసికొనిరి. దానిపై చేవ్రాలు చేసినవారిలో వెంకటప్పయ్యగా రొకరు. అనంతపురమున విశ్వవిద్యాలయ కేంద్రము. రాజధాని, ఉన్నత న్యాయస్థానములలో ఒకటి రాయలసీమకు. తుంగభద్ర, కృష్ణ, పెన్నా నదుల జలముల విషయమున పదియేండ్లవఱకు రాయలసీమ సేద్యమునకు ప్రథమ స్థానము. ఇది దాని సారాంశము. 1855వ సంవత్సరమున పూర్తియైన బెజవాడ ఆనకట్టవలన కాలువల నీరు పొందిన మన డెల్టావారు, నీరు లేని సీమ సోదరులకు మొదటి వంతు నంగీకరించుట స్వల్పవిషయము కాదు. మఱుసటి సంవత్సరము, అనగా 1938వ సంవత్సరమున, ఆంధ్రరాష్ట్ర నిర్మాణమును గోరు తీర్మానమును మదరాసు శాసనసభలో వెంకటప్పయ్యగారే ప్రతిపాదించిరి. సభ యంగీకరించెను, కాని ఇంగ్లాండు దొరతన మంగీకరింపలేదు.

1947వ సంవత్సరమున స్వరాజ్యము వచ్చెను. వెంకటప్పయ్యగారికి ఎనుబదియొక సంవత్సరములు. కాలు విఱిగి, ఊతకఱ్ఱల యాధారమున ఇంటి గోడల నడుమ మెల్లగా నడచుచుండిరి. పదవి కోరుటకు వయస్సు లేదు, కోరిక లేదు. సుఖముగా నిద్రింపదగిన కాలము. కాని తాము చూచుచున్నది వారికి నిద్ర పట్టనీయలేదు. స్వరాజ్యమునకై చెఱలకేగిన కాంగ్రెసువారిలోనే పలువురికి అధికారపు రుచి తలకెక్కినదనియు, శాసనసభ్యులు కొందఱు తమ పలుకుబడిని ధనార్జనకు వాడుకొనుచున్నారనియు, క్రిమినలు కోర్టులలో మేజిస్ట్రేట్లయెదుట న్యాయము జరుగకుండ నడ్డు తగులుచున్నారనియు, ప్రజలు విసిగి తెల్లదొరల పరిపాలనమే మేలనుచున్నారనియు వారు గాంధీగారికి లేఖ వ్రాసిరి.

ఆ లేఖ వ్రాసినవా రెవరో యోచింపుడు. కాంగ్రెసునకు శత్రువు కారు. దానికై వృత్తిని, ఆరోగ్యమును, స్వేచ్ఛను ధారపోసినవారు. దోషమును దాచినచో వారికి గౌరవమే మిగులును. చెప్పినచో మిత్రులు నొత్తురు, ప్రత్యర్థులు సంతోషింతురు. అయినను చెప్పిరి. న్యాయస్థానములలో జోక్యము కలుగుచున్నదని చెప్పుటలో, వృత్తిని విడిచి యిరువదియైదేండ్లు దాటినను, బందరు కోర్టులో నిలిచిన వకీలు వారిలో నింకను మేల్కొనియుండెనని తోచును. 1948వ సంవత్సరము జనవరి 12వ తేదీన ఢిల్లీ ప్రార్థనసభలో వినిపింపబడిన గాంధీగారి ప్రసంగమున, మఱునాటినుండి తాము పూనబోవు నుపవాసవార్తతో పాటు, ఈ వృద్ధ దేశభక్తుని లేఖయు చోటు చేసికొనెను. గాంధీగారు దానిని మూటకట్టి దాచలేదు. దేశము వినునట్లు వెల్లడించిరి. పదునెనిమిది దినములకు గాంధీగారు నిహతులైరి.

వెంకటప్పయ్యగారు 1949వ సంవత్సరము ఆగష్టు 15వ తేదీన, స్వాతంత్ర్యదినమునాడే, పరమపదించిరి. తాము జీవితమంతయు వాదించిన ఆంధ్రరాష్ట్రమును వారు చూడలేదు. 1952వ సంవత్సరము డిసెంబరు 15వ తేదీన పొట్టి శ్రీరాములుగారు నిరశనవ్రతమున ప్రాణములర్పించిన పిమ్మట, 1953వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన నా రాష్ట్ర మవతరించెను. రాజధాని కర్నూలునకు పోయెను. ఉన్నత న్యాయస్థానము 1954వ సంవత్సరమున గుంటూరున వెలసెను. ఒకటి సీమకు, ఒకటి తీరమునకు అను శ్రీబాగు మాట అప్పటి కట్లు నెఱవేఱెను. మునుపు తగవు తీర్చుకొనుటకు ఏఱు దాటి బందరునకు రావలసిన గుంటూరు, కొన్నియేండ్లపాటు రాష్ట్రమంతటికి తుది తీర్పు చెప్పు పట్టణమయ్యెను. 1956వ సంవత్సరమున ఆంధ్రప్రదేశ మేర్పడినప్పుడు ఆ న్యాయస్థానము హైదరాబాదునకు తరలెను.

విద్యార్థులారా! ఇతరుల తప్పు నెత్తిచూపుట సులభము. దానికి ధైర్యము పెద్దగా నక్కఱలేదు. ఆటస్థలమున బంతి గీత దాటినదో లేదో మన జట్టువానికి తెలిసి, న్యాయనిర్ణేతకు తెలియనప్పుడు, నోరు విప్పుటకు ధైర్యము కావలెను. పరీక్షలో ప్రక్కనున్న స్నేహితుడు కాగితము దాచినప్పుడు, వానిని వలదని వారించుటకు ధైర్యము కావలెను. వెంకటప్పయ్య పంతులుగారు తమ యెనుబదియవ పడిలో చేసినది యట్టి పనియే. పెద్దది గనుక దేశము వినెను. చిన్నవి మనము చేయునప్పుడు వినువా రెవరును లేకపోవచ్చును. అయినను చేయవలసినదే. బందరు కోర్టు వీథిని పోవునప్పుడు, ఏఱు దాటి వచ్చిన యా వకీలును ఒక్కమాఱు తలచుకొనుడు.